విజయనగరంలో పాత బరోలో సీసా తెరవాలంటే

మీ ప్రశ్న ఇదీ. మీ అమ్మాయి ఇటలీ నుంచి, ఒక కుటుంబం సొంత తోటలో పండించి చేసిన 'బరోలో' అనే 2006 నాటి రెడ్ వైన్ రెండు సీసాలు తెచ్చింది. ఇల్లు విజయనగరంలో, వైన్ దాచడానికి ప్రత్యేక ఏర్పాటేమీ లేదు. సంక్రాంతికి చుట్టాలు వస్తారు. "ఎంత దాస్తే అంత మంచిది" అని ఎవరో అన్నారు. అది నిజమేనా, ఎలా తెరవాలి, తాగేటప్పుడు బాగుందో పాడైందో ఎలా పోల్చుకోవాలి అని అడిగారు.

మొదటిదానికి జవాబు: దాచకండి, ఈ సంక్రాంతికే తెరవండి. ఆ వైన్ మగ్గాల్సింది అక్కడి నేలమాళిగలో ఎప్పుడో మగ్గింది. దానికి 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, ఏడాది పొడవునా పెద్దగా మారని వాతావరణం కావాలి. మన దగ్గర మే నెలలో గోడలు రాత్రి కూడా చల్లబడవు. 30 డిగ్రీలు దాటిన గదిలో కొన్ని వారాలుంటే చాలు, వైన్ ఉడికినట్టయి పండు వాసన పోతుంది. లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాని పైకి తోస్తుంది, ఆ సందులోంచి గాలి దూరుతుంది. ఇరవై ఏళ్ళు ఓపిగ్గా కాపాడినదాన్ని ఒక్క వేసవి తినేస్తుంది.

పండగ దాకా మీ ఇంటి ఫ్రిజ్ చాలు. కూరగాయల సొరుగు మిగతా అరల కంటే కాస్త తక్కువ చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టండి. సీసాకి రెండు మూడు పొరల న్యూస్‌పేపర్ చుట్టి పడుకోబెట్టండి, బిరడా లోపలి నుంచి తడిగా ఉంటుంది. ఫ్రిజ్‌లో గాలి పొడి, కాబట్టి ఏళ్ళ తరబడి పనికిరాదు గానీ నాలుగైదు నెలలకి ఏ నష్టమూ లేదు. ఎండుచేపలు, ఇంగువ, మూత సరిగ్గా పెట్టని పచ్చళ్ళు పక్కన ఉంచకండి. వైన్ కూలర్ కొందామనుకుంటే మాత్రం కంప్రెసర్ ఉన్నదే చూడండి. కంప్రెసర్ లేకుండా చిన్న ఫ్యాన్‌తో నడిచేవి బయటి ఉష్ణోగ్రత కంటే పదిహేను డిగ్రీలో ఇంకాస్తో మాత్రమే తగ్గించగలవు. గది 38 ఉన్నప్పుడు లోపల 13 రాదు. తిత్లీ తుఫాను అప్పుడు ఉద్దానంలో లాగా రోజుల తరబడి కరెంటు పోతే ఏ యంత్రమూ కాపాడదు. అది కూడా ఇక్కడ ఏళ్ళ తరబడి దాచొద్దనడానికి కారణమే.

ఇప్పుడు సీసాని ఒకసారి పరిశీలించండి. లేబుల్ మీద 'అజియెండా అగ్రికోలా' అని ఉంటే సొంత తోట ద్రాక్షతోనే చేసినవాళ్ళని అర్థం. 'ఇంబొత్తిల్యాతో ఆల్లోరిజినె' అంటే పండించిన చోటే సీసాల్లో నింపారని. మెడ మీద వరుస సంఖ్యతో ప్రభుత్వ ముద్ర పట్టీ ఉండాలి. 2006 అన్నది ద్రాక్ష కోసిన సంవత్సరం. బరోలో అనిపించుకోవాలంటే అది పూర్తిగా 'నెబ్బియోలో' అనే రకం ద్రాక్షే కావాలి, కోత ఏడాది నవంబరు 1 నుంచి లెక్కేసి కనీసం 38 నెలలు నిల్వ చేయాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో గడవాలి. 2006 అక్కడ గట్టి వగరుతో, నిదానంగా మగ్గే వైన్లు వచ్చిన ఏడాది. అందుకే ఇప్పటికీ బలం మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

సీసా నిలబెట్టి వెలుతురుకి ఎత్తి, బిరడా అడుగు నుంచి వైన్ మట్టం దాకా ఎంత ఖాళీ ఉందో చూడండి. రెండు మూడు సెంటీమీటర్లు ఈ వయసుకి మామూలే. ఐదు దాటితే గాలి ఎక్కువ తగిలిందని అనుమానించాలి. బిరడా మూతి అంచు కంటే పైకి ఉబికినా, పైరేకు కింద జిగురుగా కారిన మరక ఉన్నా ఎక్కడో ఎండ తగిలింది. విశాఖ విమానాశ్రయంలో దిగాక కారు డిక్కీలో ఉంచి, దారిలో భోజనానికి ఆగి ఎండలో వదిలేసిన గంట కూడా దీనికి చాలు. ఆ గుర్తులుంటే సీసా పారేయనక్కర్లేదు, తెరిచినప్పుడు ఏం వెతకాలో ముందే తెలిసినట్టు.

తెరవడానికి కనీసం నాలుగు రోజుల ముందు సీసాని ఫ్రిజ్‌లోనే నిలబెట్టాలి. ఒక అర తీసేస్తే పడుతుంది. తలుపులో పెట్టకండి, తీసి వేసినప్పుడల్లా కదులుతుంది. వయసుతో పాటు వగరు పదార్థాలూ రంగు పదార్థాలూ ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి చేరతాయి. నెబ్బియోలో వైన్ మడ్డి చాలా సన్నగా ఉంటుంది, పేరుకోవడానికి రోజులు పడుతుంది. చిన్న తోటల వాళ్ళు సాధారణంగా ఎక్కువగా వడకట్టరు కాబట్టి మడ్డి ఇంకాస్త ఉంటుంది. అది హాని చేయదు గానీ గ్లాసులోకి వస్తే చేదు, ఇసుక తగిలినట్టు నోరు గరగరలాడుతుంది. అడుగునో బిరడాకో పటికబెల్లం పలుకుల్లాంటి మెరిసే ముక్కలు కనిపిస్తే గాజు పెంకులని భయపడొద్దు. చల్లదనానికి టార్టారిక్ ఆమ్లపు లవణం అలా గడ్డకడుతుంది.

కనుమ నాటి సాయంత్రం తెరుద్దాం అనుకోండి. ఆ గదిలో అగరువత్తి, దోమల చుట్ట, రూమ్ ఫ్రెషనర్ వద్దు. మల్లెపూలు, అత్తరు, పౌడరు కూడా ఆ రెండు గంటలు దూరంగా ఉంటే మంచిది. గ్లాసులు ముందే వాసన చూడండి. అద్దాల బీరువాలో బోర్లించి ఉంచిన గ్లాసు చెక్కవాసన పడుతుంది, వానాకాలం తర్వాతైతే ముక్కిన వాసన. చాలామంది అది వైన్ దోషం అనుకుంటారు. సబ్బు లేకుండా వేడినీళ్ళతో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరనివ్వండి. గ్లాసు అడుగు వెడల్పుగా, పైకి సన్నబడేది కావాలి. స్టీలు గ్లాసులో రంగు కనబడదు, వాసన నిలవదు.

సీసాని బయట పెట్టాక, గది 28 డిగ్రీలుంటే గంటకల్లా 14, 15 డిగ్రీలకి వస్తుంది. అప్పుడే తెరవండి. 'రెడ్ వైన్ గది వేడిలో తాగాలి' అన్నమాట చలిదేశాల గదుల గురించి. తాగాల్సింది 16 నుంచి 18 మధ్య. మన గది వేడికి వదిలేస్తే ముక్కుకి ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ అందదు. మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోయి వగరు ఒక్కటే తెలుస్తుంది. వంటింట్లో థర్మామీటర్ ఉంటే వాడండి.

పైరేకుని అంచు కింద నుంచి కోసి తీసేయండి. బిరడా పైన నల్లటి బూజు ఉంటే తడిగుడ్డతో తుడవండి. తేమగా ఉండే నేలమాళిగలో ఉన్న సీసాకి అది సహజం. ఈ వయసు బిరడా మధ్యలో మెత్తబడి ఉంటుంది. మామూలు స్క్రూతో అయితే సరిగ్గా నడిమధ్యలో గుచ్చి, సీసా కదలకుండా చెయ్యి మాత్రమే తిప్పుతూ పూర్తి లోతుకి దించండి. సగం దించి లాగితే సగమే వస్తుంది. రెండు పలచటి రేకులుండే పరికరం దొరికితే అది మేలు. పొడుగు రేకుని ముందు బిరడాకీ గాజుకీ మధ్య దోపి, అటూ ఇటూ ఊపుతూ రెండూ దిగాక, తిప్పుతూ పైకి లాగాలి. ఒకవేళ విరిగితే కంగారు పడొద్దు. మిగిలిన ముక్కలోకి స్క్రూని ఏటవాలుగా ఎక్కించి చూడండి, రాకపోతే లోపలికే తోసేసి వడకట్టండి. వడకట్టే మల్లు గుడ్డని ముందు రోజే సబ్బు లేకుండా నీళ్ళలో మరిగించి ఆరేయాలి, లేకపోతే గంజి వాసన వైన్‌కి ఎక్కుతుంది.

జగ్గులోకి వంచే ముందు ఒక 30 మిల్లీలీటర్లు గ్లాసులో పోసి వాసన, రుచి చూడండి. ఈ ఒక్క మెట్టు అందరూ వదిలేస్తారు. వైన్ అప్పటికే బలహీనంగా, పండు వాసన ఆవిరైపోతున్నట్టు ఉంటే ఇక గాలి తగలనివ్వకుండా సీసాలోంచే జాగ్రత్తగా పోసుకుని అరగంటలో తాగేయాలి. బిగుసుకుని, ఏ వాసనా ఇవ్వకుండా, వగరు మాత్రం గట్టిగా ఉంటే జగ్గులో పోసి గంట, గంటన్నర వదలాలి. 2006 బరోలోకి రెండోదే జరిగే అవకాశం ఎక్కువ.

జగ్గు గాజుదే కావాలి. సెల్‌ఫోన్ లైటు వేసి మేజా మీద పెట్టి, సీసా మెడ ఆ లైటు పైన వచ్చేలా పట్టుకుని ఒకే ధారగా, నెమ్మదిగా, మధ్యలో ఆపకుండా వంచండి. సీసా భుజం దగ్గర సన్నటి నల్లటి గీత మెడ వైపు పాకడం కనిపించగానే ఆపేయాలి. అడుగున 40, 50 మిల్లీలీటర్లు మిగిలిపోతుంది, దానికి ఆశపడొద్దు. తర్వాత జగ్గుని వెడల్పాటి గిన్నెలో పెట్టి చుట్టూ చల్లనీళ్ళు పోయండి. మన గదుల్లో ఇది చేయకపోతే గంట గడిచేసరికి వైన్ గోరువెచ్చన.

రుచి చూడడమంటే గ్లాసులో ఉన్న ప్రతి వాసనా ఎక్కడి నుంచి వచ్చిందో విడదీయడం. ద్రాక్ష ఇచ్చిందా, పీపా ఇచ్చిందా, వయసు ఇచ్చిందా, ప్రమాదం ఇచ్చిందా. ఈ నాలుగే. కొత్తవాళ్ళు 'బాగుంది, బాలేదు' దగ్గర ఆగిపోతారు గానీ, ఈ లెక్కన చూడడం మొదలుపెడితే రెండో గ్లాసుకే తేడా పట్టుకోగలరు.

ఒక్కొక్కరికి 60, 70 మిల్లీలీటర్లు పోయండి. తెల్ల కాగితం మీదుగా గ్లాసుని వంచి రంగు చూడండి, తెల్ల లైటు కింద. నెబ్బియోలో మొదటి నుంచీ పలచటి రంగుదే. ఇరవై ఏళ్ళకి మధ్యలో దానిమ్మ రంగు, అంచున ఇటుక రంగు, నారింజ ఛాయ రావడం ఆరోగ్య లక్షణం. కాగితం మీది అక్షరాలు వైన్ గుండా కనబడితే నీళ్ళు కలిపారని అనుకోవద్దు. మధ్య భాగం కూడా ఎర్రదనం పూర్తిగా పోయి గోధుమరంగుకి తిరిగితేనే అనుమానించాలి.

గ్లాసు తిప్పకుండా మొదట ఒకసారి వాసన చూడండి, తర్వాత మూడు నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ. ద్రాక్ష ఇచ్చేవి: ఎండిన గులాబి రేకులు, ఎండు చెర్రీ, అతిమధురం, దూరంగా రోడ్డు వేస్తుంటే వచ్చే తారు వాసన. చివరిది విని ముఖం చిట్లించకండి, తారూ గులాబీ కలిసి రావడమే బరోలో గుర్తు. పీపావి: వనిల్లా, లవంగం, కొబ్బరి. పాతకాలపు పద్ధతి వాళ్ళు వేల లీటర్ల పెద్ద పీపాలు వాడతారు, వాటి నుంచి ఈ వాసన దాదాపు రాదు. 225 లీటర్ల చిన్న కొత్త పీపాలైతే బాగా తెలుస్తుంది. వయసువి: చుట్ట పొగాకు, పాత తోలు, వాన తర్వాతి అడవి నేల, పుట్టగొడుగులు, ఎండు అంజీరు. మనవైపు చుట్ట పొగాకు వాసన తెలియని పెద్దవాళ్ళుండరు. వాళ్ళని అడగండి, ముందుగా వాళ్ళే పట్టుకుంటారు.

ప్రమాదం ఇచ్చినవాటిని కాస్త నిదానంగా చెప్పాలి, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే.

తడి గోనెసంచి, నానిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా దోషం. బిరడాలో పుట్టే ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం లీటరుకి కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకి తెలుస్తుంది. ఘాటు తక్కువైతే వాసనగా తెలియకపోవచ్చు, పండు మాత్రం మాయమై వైన్ చప్పగా అనిపిస్తుంది. గాలి తగిలేకొద్దీ ఇది తగ్గదు, ఇంకా స్పష్టమవుతుంది. పాలిథీన్ కవరు ముంచితే కొంత పీల్చుకుంటుంది గానీ పోయిన పండు తిరిగి రాదు. పోసేయడమే. అడవి నేల వాసనతో దీన్ని కలపకండి. నేల వాసన వెనక పండూ పువ్వూ ఉంటాయి, దీని వెనక ఏమీ ఉండదు.

అగ్గిపుల్ల, కుళ్ళిన గుడ్డు వాసన భయపెడుతుంది కానీ ఇది నయమయ్యేది. గాలి లేకుండా ఏళ్ళు గడవడం వల్ల పుట్టే గంధకపు వాసన అది, జగ్గులో అరగంటలో చాలావరకు పోతుంది. మంచి సీసాని తొలి వాసనకే పారబోసేవాళ్ళు ఎక్కువగా దీని దగ్గరే మోసపోతారు. గోళ్ళ రంగు తుడిచే ద్రావకం, వినిగర్ ముక్కుని పొడిస్తే అది ఎసిటిక్ బాక్టీరియా పని. చిన్న మోతాదులో పాత బరోలోకి వాసన లేపుతుంది, మోతాదు మించితే బాగవదు. పశువుల పాక, బ్యాండేజీ వాసన బ్రెట్టనోమైసెస్ అనే ఈస్టు వల్ల. పాత పీపాలు, తక్కువ గంధకం వాడే చిన్న తోటల వైన్లలో ఇది ఎదురవుతుంది. లీలగా ఉంటే కొందరికి ఇష్టమే, నా లెక్కలో పండుని కప్పేస్తే దోషమే. ఎండ తగిలినదానికి జామ్ మరిగించిన వాసన వచ్చి రుచి మధ్యలోనే ఆగిపోతుంది. గాలి దూరినదానికి దెబ్బతిన్న ఆపిల్ వాసన, గోధుమరంగు, రెండూ కలిసి కనిపిస్తాయి.

ఇక నోట్లో. పది, పదిహేను మిల్లీలీటర్లు తీసుకుని ఎనిమిది, పది సెకన్లు నాలుకంతా, చిగుళ్ళంతా తిప్పండి. పెదవుల మధ్యనుంచి కాస్త గాలి లోపలికి పీలిస్తే వాసన వెనకనుంచి ముక్కుకి ఎక్కుతుంది. ముందు పులుపు చూడండి, దవడల పక్క నీళ్ళూరడమే దాని కొలత. వయసుతో పండు తగ్గుతుంది, పులుపు తగ్గదు. అందుకే పాత బరోలో మొదటిసారి తాగినవాళ్ళు 'పులిసిపోయింది' అంటారు. పాడై పులిసినది ముక్కుకి వినిగర్‌లా తగలాలి. ఇది ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం, చింతపండులో ఉండేదీ ఇదే, దీనికి వాసన ఉండదు. తర్వాత వగరు: నేరేడు తిన్నాక నాలుక పట్టేసినట్టు, లాలాజలంలోని ప్రొటీన్లని పట్టేసి నోరు ఆరబెడుతుంది. ఎంత ఉందని కాదు, ఎలా ఉందని చూడాలి. మగ్గిన వగరు చిగుళ్ళ మీద సన్నటి పొరలా సమానంగా పరుచుకుంటుంది, మగ్గనిది గరుకుగా ఒకచోట పట్టుకుంటుంది. మింగాకో ఉమ్మాకో మనసులో సెకన్లు లెక్కపెట్టండి. వాసన ఇరవై దాటి నిలిచి, చివర్లో చేదు మిగల్చకపోతే ఆ కుటుంబం పని బాగా చేసినట్టే.

ఉమ్మడానికి ఒక పాత్ర పెట్టండి, మర్యాద తక్కువేమీ కాదు, వృత్తిగా రుచి చూసేవాళ్ళంతా అదే చేస్తారు. బరోలో సాధారణంగా 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటున్నవాళ్ళకి పోయొద్దు. బండి నడపాల్సినవాళ్ళు వాసనతో సరిపెట్టుకోవాలి.

తీర్పు మొదటి గుక్కకే చెప్పకండి. తెరవగానే ఒకసారి, అరగంటకి, గంటకి, రెండు గంటలకి ఒక్కో గుక్క చూసి, ఒక కాగితం మీద రెండేసి మాటలు రాసుకోండి. మొదట తారు, వగరు మాత్రమే ఇచ్చిన గ్లాసు గంట తర్వాత గులాబి ఇవ్వడం ఈ ద్రాక్షలో సాధారణం. ముక్కు అలిసిపోతే కాసేపు మీ మోచేతి చర్మం వాసన చూడండి, మళ్ళీ పనిచేస్తుంది. రుచి చూడడానికి ముందు గంటలో కాఫీ, కిళ్ళీ, పళ్ళపొడి వద్దు. అరిసెలు తిని తాగితే ఎంత మంచి వైనైనా పుల్లటి కషాయంలా తేలుతుంది, వాటిని చివరికి ఉంచండి.

తిండి విషయానికొస్తే, కనుమ మాంసం ఉండనే ఉంటుంది. కొవ్వూ మాంసకృత్తులూ వగరుని పట్టుకుని నోటిని తేలిక చేస్తాయి. కాకపోతే వైన్‌తో తినే గిన్నెడు విడిగా దించండి: కారం బదులు మిరియాలు, చింతపండు లేకుండా, నెయ్యితో మగ్గించిన ఇగురు. కారం నాలుకని మండించి వగరునీ ఆల్కహాల్‌నీ రెట్టింపు చేస్తుంది, చింతపండు వైన్‌ని చప్పబరుస్తుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గోంగూర, ఆవకాయ ఈ సీసా ఖాళీ అయ్యాకే. చేపా రొయ్యా కూడా వద్దు, రెడ్ వైన్‌లో ఉండే ఇనుము చేపనూనెతో కలిసి నోట్లో నీచువాసన పుట్టిస్తుంది. మాంసం తిననివాళ్ళకి పలాస జీడిపప్పు నేతిలో దోరగా వేయించి, ఉప్పు చిటికెడు మాత్రమే వేయండి. దీన్ని మించిన జోడీ మన జిల్లాల్లో నాకు తట్టదు.

మిగిలితే చిన్న సీసాలోకి అంచు దాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా అయిపోనివ్వండి. కొత్త వైన్ మూడు నాలుగు రోజులు ఆగుతుంది, ఈ వయసుది ఆగదు.

రెండో సీసా గురించి మొదటిదాన్ని బట్టి ఊహించడంలో ఒక తేడా ఉంది. మొదటిది బిరడా దోషంతో పోతే రెండోదానికి ఏ సంబంధమూ లేదు, ప్రతి బిరడా వేరే బెరడు ముక్క. మొదటిది ఎండదెబ్బ తిన్నట్టు తేలితే మాత్రం రెండూ ఒకే పెట్టెలో, ఒకే దారిలో వచ్చాయి కాబట్టి రెండోదీ అంతే అయ్యే అవకాశం ఎక్కువ, దాన్ని పెద్ద సందర్భానికి అట్టిపెట్టకుండా వెంటనే తెరిచేయండి. మొదటిది బాగా ఉంటే రెండోదాన్ని ఫ్రిజ్‌లో అలాగే పడుకోబెట్టి, శివరాత్రి వెళ్ళి ఎండలు ముదరకముందే ఒక చల్లటి సాయంత్రం చూసుకోండి.